మా చెల్లెలికి సబ్‌సెంటరులో చేస్తున్న గర్భిణి పరీక్షలు సరిపోతాయా?

అడిగిన ప్రశ్న ఇది: "మా చెల్లెలికి మొదటి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. అత్తగారిది నాగర్‌కర్నూలు దగ్గర పల్లె. సబ్‌సెంటరులో ఏఎన్ఎం గారు ఇప్పటికి మూడుసార్లు చూశారు. కార్డు నిండా రాసి ఉంది, అన్నీ నార్మల్ అంటున్నారు. బంధువులేమో సర్కారు పరీక్షలు పేరుకే, పట్నం తీసుకెళ్ళి ప్రైవేటులో చూపించమని టెన్షన్ పెడుతున్నారు. అసలు ఎన్నిసార్లు చూపించాలి? సరిగ్గా చూస్తున్నారో లేదో మాలాంటి వాళ్ళకు ఎలా తెలుస్తుంది?"

సబ్‌సెంటరులో చూపిస్తున్నారు కాబట్టి మీ చెల్లెలికి ఏదో అన్యాయం జరిగిపోతోందని అనుకోకండి. నేను మొదట పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేశాను. తర్వాత గైనిక్ పీజీ చేసి, ఇప్పుడు ఒక ఏరియా ఆసుపత్రిలో కాన్పుల వార్డు చూస్తున్నాను. మా దగ్గరికి అన్ని రకాల వాళ్ళూ వస్తారు. ఊళ్ళో ఏఎన్ఎం ఒక్కరే చూసినా బరువు, బీపీ, రక్తం పద్ధతిగా రాసి, ఎనిమిదో నెలలో బిడ్డ అడ్డంగా ఉన్నట్టుందని అనుమానపడి చీటీ రాసి పంపినవాళ్ళు ఉంటారు. పట్నంలో చూపించుకుని ఫైలు నిండా స్కానింగ్ రిపోర్టులు పెట్టుకుని, రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాముల దగ్గర ఉండగా నొప్పులతో వచ్చేవాళ్ళూ ఉంటారు. అందుకే సర్కారా ప్రైవేటా అనేది నేను రెండో ప్రశ్నగా పెడతాను. పరీక్షలో ఒక అంకె తేడాగా వచ్చినప్పుడు ఆ రోజు ఎవరు ఏం చేశారన్నది మొదటి ప్రశ్న.

ఎన్నిసార్లు అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం పేద దేశాలకు నాలుగుసార్లు చాలని చెప్పింది. 2016లో దాన్ని ఎనిమిదికి మార్చింది. 12 వారాల లోపు ఒకసారి, తర్వాత 20, 26, 30, 34, 36, 38, 40 వారాలకు. ఈ ఎనిమిదిలో అయిదు ఆఖరి మూడు నెలల్లోనే ఉన్నాయి. బీపీ ఎగబాకడం, బిడ్డ ఎదుగుదల ఆగిపోవడం, ఎదురుకాళ్ళతో ఉండటం బయటపడేది అప్పుడే. నాలుగుసార్ల పద్ధతిలో కడుపులోనే బిడ్డ పోవడం ఎక్కువగా ఉందని తేలడం ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. మన దేశంలో కనీసం నాలుగు అన్న లెక్కే ఇంకా నడుస్తోంది. దానికి తోడు 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో డాక్టరే గర్భిణులను ఉచితంగా చూసే కార్యక్రమం ఉంది. మీ చెల్లెలికి ఇప్పటికి మూడుసార్లు అయ్యాయి కాబట్టి వెనకబడలేదు. ఇక్కడి నుంచి ఖాళీ రాకుండా చూసుకోండి.

సార్లు లెక్కపెట్టుకుని తృప్తిపడితే ఏమవుతుందో మన రాష్ట్రాల లెక్కలే చెప్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నాలుగుసార్లు పరీక్ష చేయించుకున్న తల్లులు దాదాపు 58 శాతం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అంతకంటే మెరుగు, మూడింట రెండు వంతుల మందికి పైగానే. కానీ అదే సర్వేలో ఈ రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. దేశం మొత్తం మీద అంతకు ముందు సర్వేలో 50 శాతం ఉన్నది ఈసారి 52కు పెరిగింది. అంటే ఆడవాళ్ళు వస్తున్నారు, బస్సెక్కి, ఎండలో, కూలి పోగొట్టుకుని వస్తున్నారు. వచ్చినవాళ్ళకు జరగవలసింది జరగడం లేదు. ఇది మన ఒక్క చోటి సంగతి కూడా కాదు. 2018లో లాన్సెట్ పత్రిక ఆరోగ్య సేవల నాణ్యత మీద వేసిన కమిషన్, పేద, మధ్యాదాయ దేశాల్లో వైద్యం అందక చనిపోయేవాళ్ళ కంటే ఆసుపత్రి దాకా వచ్చి నాసిరకం వైద్యం వల్ల చనిపోయేవాళ్ళే ఎక్కువని తేల్చింది. మా వార్డులో నిలబడి చూస్తే ఆ మాట నిజమని తెలుస్తుంది.

బీపీ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. గర్భిణి ప్రాణం మీదికి వచ్చేవాటిలో ముందే పట్టుకోగలిగింది ముఖ్యంగా ఇదే. చేయి పెట్టించి, పట్టీ బిగించి, రెండు అంకెలు రాయడం చాలా సులువైన పనిలా కనిపిస్తుంది. కానీ ఒకసారి దగ్గర నుంచి చూడండి. ఆవిడ అర కిలోమీటరు నడిచి వచ్చి అప్పుడే కూర్చుంటుంది. వీపుకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు, కాళ్ళు బల్ల మీద నుంచి వేలాడుతుంటాయి. పట్టీ జాకెట్ చేతి మీదే చుడతారు. చేతిని ఆవిడే గాల్లో పట్టుకుని ఉంటుంది. ఇవన్నీ అంకెను మార్చేసేవే. అయిదు నిమిషాలు కూర్చోనివ్వాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ ఒంటికి తగలాలి. లావు చేతికి పెద్ద పట్టీ వాడాలి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కాసేపాగి మళ్ళీ చూడాలి. రెండోసారీ అంతే ఉంటే మూత్రంలో ప్రోటీన్ చూసి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. 160/110 అయితే వాహనం పిలవాలి, ఇంటికి పంపకూడదు.

ఇప్పుడు మీ చెల్లెలి కార్డు తీయండి. మూడుసార్లకు మూడు బీపీలు రాసి ఉండాలి. మూడూ 110/70 అని ఉంటే, ఆమెనే అడగండి, పట్టీ ప్రతిసారీ కట్టారా అని. రిజిస్టరులో ఒక పేజీలో ఇరవై మంది ఉంటే ఇరవై మందికీ 110/70, 120/80 తప్ప వేరే అంకె లేని పేజీలు నేను చూశాను. మనుషుల బీపీలు అలా ఉండవు. మిషన్ పాడైతే పాడైందని రాయాలి గానీ అంకె రాయకూడదు. అయిదో నెల 110/70, ఆరో నెల 110/70, ఏడో నెల 110/70 అని ఉన్న కార్డు పట్టుకుని, ఎనిమిదో నెలలో తలనొప్పి, కళ్ళు మసకలతో 170/110 బీపీతో వచ్చినవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ముందు నెలల్లో ఆ బీపీ మెల్లగా పెరుగుతూ వచ్చి ఉండవచ్చు, ఎవరూ చూడలేదంతే.

పల్లెల్లో గుర్రపు వాతం అంటారు చూడండి, కాన్పు ముందో తర్వాతో ఫిట్స్ రావడం, అది చాలావరకు ఈ బీపీ ముదిరితే వచ్చేదే. మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఈ ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే పెద్ద పరిశోధనలో రుజువైంది. ఖరీదైన మందు కాదు. ఫిట్స్ వచ్చినా, వచ్చే సూచనలు ఉన్నా పీహెచ్‌సీలోనే మొదటి డోసు ఇచ్చి అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలన్నది మన దేశంలో ఉన్న నిబంధనే. మొదటి డోసు ఇచ్చి పంపారా, ఊరికే చీటీ రాసి పంపారా అన్నదాన్ని బట్టి మా దగ్గరికి వచ్చేసరికి ఆమె పరిస్థితి వేరేగా ఉంటుంది.

మీ చెల్లెలికి మొదటి కాన్పు. మొదటి కాన్పు వాళ్ళకు బీపీ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువ. భయపడాల్సిన పని లేదు, కానీ బీపీ చూడకుండా ఒక్క నెల కూడా దాటనివ్వకండి.

ఇక రక్తం. 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రమైనది. కార్డులో అంకె రాసి ఉంటుంది, చాలామందికి 9, 9.5. దాన్ని చూసి "కొంచెం తక్కువ ఉందమ్మా, ఆకుకూరలు తిను" అని పంపించేస్తారు. నాకు మండేది ఇక్కడే. ఆరో నెలలో 9 ఉన్నామె ఒక్క గోంగూరతో తొమ్మిదో నెలకు 11కి రాదు. తిండి ఉండాలి, కానీ మాత్ర తప్పనిసరి. రోజుకు ఒక ఐరన్ మాత్ర అందరికీ ఇచ్చేదే. రక్తహీనత ఉన్నవాళ్ళకు రెండు ఇవ్వాలి. నెల తర్వాత మళ్ళీ రక్తం చూడాలి. మాత్రలు సరిగ్గా వేసుకున్నా ఒక్క గ్రాము కూడా పెరగకపోతే కారణం వెతకాలి: నులిపురుగులా, బీ12 లోపమా, తలసీమియా లక్షణమా. ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీ వైపు అయితే సికిల్ సెల్, మలేరియా కూడా ఆలోచించాలి. టైము తక్కువ ఉంటే, లేదా మాత్రలు పడకపోతే, సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఏరియా ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. 7 కంటే తక్కువ ఉన్నామెను మాత్రలు ఇచ్చి ఇంటికి పంపడం వైద్యం కాదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కాన్పులో రక్తం పోవడం ఎవరికైనా జరగవచ్చు. 11, 12 ఉన్న తల్లి అర లీటరు పోయినా తట్టుకుంటుంది. 7 ఉన్న తల్లి అదే అర లీటరుకు కుప్పకూలిపోతుంది. రక్తం ఎక్కించాలంటే సీసా దొరకాలి, గ్రూపు కలవాలి, రాత్రి రెండింటికి మనిషి పరిగెత్తాలి. అదంతా ఆరో నెలలో మాత్రలతో తప్పించుకోగలిగేది.

మాత్రలు ఇచ్చారు, వేసుకున్నారా అన్నది ఇంకో కథ. అదే 2019-21 సర్వే ప్రకారం దేశంలో 180 రోజులు ఐరన్ వేసుకున్న తల్లులు నాలుగింట ఒక వంతు మాత్రమే. ఆశా కార్యకర్తతో కలిసి ఇళ్ళకు వెళ్తే బియ్యం డబ్బా వెనక, అల్మారా పైన విప్పని ఎర్ర మాత్రల పత్తాలు కనిపిస్తాయి. ఎందుకు వేసుకోలేదమ్మా అంటే మొదట నవ్వి ఊరుకుంటారు. కాసేపు కూర్చుంటే అప్పుడు చెప్తారు. ఒకామెకు వాంతి వస్తుంది. ఒకామెకు మలబద్ధకం, పైగా మలం నల్లగా వస్తుంటే భయం. ఒకామెకు అత్తగారు చెప్పారు, ఈ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని. ఇవన్నీ అయిదు నిమిషాల మాటతో పోయేవి. రాత్రి అన్నం తిన్న కాసేపటికి వేసుకుంటే వాంతి తగ్గుతుంది. మలం నల్లబడటం మామూలే, ప్రమాదం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధం లేదు. టీతో కలిపి వేసుకోకూడదు, నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఈ మాటలు చెప్పకుండా మాత్రల పత్తా చేతిలో పెడితే కార్డులో "ఐరన్ ఇచ్చాం" అని టిక్కు పడుతుంది, రక్తం మాత్రం పెరగదు. మీ చెల్లెలిని మాత్రలు తీసుకుందా అని కాకుండా, నిన్న రాత్రి వేసుకున్నావా అని అడగండి. కోపంగా అడగకండి. ఎందుకు మానేసిందో తెలిస్తేనే కదా సరిచేసుకోవడం.

పొట్ట పరీక్ష గురించి రెండు మాటలు. పడుకోబెట్టి, చేత్తో తడిమి, టేపుతో కొలవాలి. 24 వారాల తర్వాత గర్భసంచి ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు వారాల అంకెకు దగ్గరగా ఉంటుంది. 30 వారాలకు 30కి అటూ ఇటూ. మూడు సెంటీమీటర్లకు పైగా తేడా ఉంటే తేదీ తప్పా, బిడ్డ ఎదగడం లేదా, ఉమ్మనీరు తేడా ఉందా, కవలలా అని చూడాలి. టేపు వెల పది రూపాయలు కూడా ఉండదు. అయినా ఇప్పుడు టేపు తీసేవాళ్ళు తగ్గిపోయారు, అందరూ స్కానింగ్ ఉందిగా అంటున్నారు. ఈ కొలత సరిపోవాలంటే ఆఖరిసారి నెలసరి మొదలైన తేదీ సరిగ్గా తెలియాలి. మన ఊళ్ళల్లో మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనే పట్టింపు ఉండటం వల్ల చాలామంది నాలుగో నెలలో గానీ పేరు రాయించుకోరు. అప్పటికి తేదీ మర్చిపోతారు. మీ చెల్లెలి కార్డులో ఆ తేదీ, కాన్పు తేదీ రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. మొదటి స్కానింగ్‌లో ఇచ్చిన తేదీతో అవి కలుస్తున్నాయా అని డాక్టరును అడగండి.

ఇప్పుడు ఆరో నెల అన్నారు కాబట్టి ఈ నెలలోనే జరగాల్సిన ఒక పరీక్ష ఉంది, షుగరుది. 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంతో వచ్చిన షుగరు అన్నమాట. పరగడుపున రావాల్సిన పని లేదు, తిని వచ్చినా చేయవచ్చు. మన దేశంలో ఈ పద్ధతి పెట్టిందే దూరం నుంచి వచ్చే పల్లెవాళ్ళ వీలు కోసం. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి చేయాలి. చాలా చోట్ల మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. అసలు షుగరు ఎక్కువగా బయటపడేది రెండోసారే. ఇది అడిగి చేయించుకోండి.

బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే, భర్తది పాజిటివ్ అయితే, 28 వారాలకు యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురుతిరగకుండా ఇచ్చేది) గురించి అడగండి. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు అయ్యాయో చూడండి. టీడీ ఇంజెక్షన్ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది) రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు. అయిదో నెలలో తీసే స్కానింగ్, అదే టిఫా, అయి ఉంటే ఆ రిపోర్టు కార్డుతోపాటే ఉంచండి. ఇవి ఒక్కసారి చూసుకుంటే సరిపోయేవి, వీటి మీద బుర్ర పాడుచేసుకోకండి.

ప్రైవేటు గురించి మీ బంధువుల మాటకు వస్తాను. మంచి ప్రైవేటు డాక్టర్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళవద్దని నేను చెప్పను. కానీ డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన మంచి పరీక్ష జరుగుతుందని నమ్మకండి. అక్కడ తరచూ జరిగేది ఇంకో రకం లోపం. వెళ్ళినప్పుడల్లా స్కానింగ్, తెర మీద బిడ్డ కనిపిస్తే అందరికీ సంతోషం. పొట్ట మీద చేయి పెట్టరు, మాత్రలు పడుతున్నాయా అని అడగరు. స్కానింగ్ తల్లి బీపీ చెప్పదు, రక్తం చెప్పదు. ఇంకో సంగతి, అదే 2019-21 సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశ సగటు 21.5. ఇందులో అవసరమై చేసినవి ఎన్నో ప్రాణాలు కాపాడాయి, నేనూ రోజూ చేస్తున్నదే. కానీ పదిమందిలో ఆరుగురికి పెద్దాపరేషన్ అవసరమయ్యే పరిస్థితి ఎక్కడా ఉండదు. ముహూర్తం చూసుకుని వచ్చేవాళ్ళు, నొప్పులు భరించలేదని ముందే తేల్చేసే కుటుంబాలు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండలేని ఆసుపత్రులు, అందరి వాటా ఉంది ఇందులో. తెలంగాణలో సర్కారు ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లను, అంటే కాన్పులు చేయించడంలో శిక్షణ పొందిన నర్సులను పెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళున్న చోట తల్లి పక్కన కూర్చుని, నడిపించి, ధైర్యం చెప్పి నార్మల్ కాన్పు చేయిస్తున్నారు. మీకు దగ్గరలో అలాంటి ఆసుపత్రి ఉందేమో ఆశాను అడిగి తెలుసుకోండి. మీ చెల్లెలికి ప్రైవేటులో చూపించాలనుకుంటే చూపించండి, కానీ సబ్‌సెంటరు మానిపించవద్దు. రేపు అర్ధరాత్రి వాహనం పిలిచేది, ఇంటికి వచ్చి చూసేది ఆ ఏఎన్ఎం, ఆ ఆశానే.

ఏఎన్ఎంల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళ మీద కోపంతో వెళ్ళకండి. ఒక్కో ఏఎన్ఎం కింద చాలా ఊళ్ళుంటాయి. టీకాలు, సర్వేలు, షుగరు-బీపీ స్క్రీనింగులు, పాతిక రిజిస్టర్లు, పైగా ఫోన్లో యాప్‌లు. అదే వివరం కాగితం మీద ఒకసారి, యాప్‌లో ఒకసారి ఎక్కించాలి. పై అధికారి సమీక్షలో ఎంతమందికి నాలుగు పరీక్షలు పూర్తయ్యాయని అడుగుతారు. రక్తం 9 ఉన్న ఫలానా ఆమెకు నెల తర్వాత ఎంతకు వచ్చిందని అడిగేవాళ్ళు అరుదు. అడిగినదే జరుగుతుంది. యూరిన్ స్ట్రిప్పులు అయిపోయి నెల దాటినా సరఫరా రాకపోతే ఆవిడేం చేస్తుంది?

మన పొరుగున శ్రీలంక ఉంది. మనకంటే ఎన్నో ఏళ్ళ ముందే తల్లుల మరణాలు బాగా తగ్గించింది. అక్కడ ప్రతి ప్రాంతానికీ ఒక పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్ ఉంటుంది. గర్భిణి ఇంటికే వెళ్తుంది, ఆ కుటుంబం ఆమెకు ముందు నుంచీ తెలుసు. తల్లి ఎవరైనా చనిపోతే ఎక్కడ ఆలస్యమైందో కూర్చుని విచారిస్తారు. కేరళలో కూడా 2004 నుంచి గైనిక్ డాక్టర్ల సంఘమే పేర్లు బయటపెట్టకుండా ప్రతి మరణాన్నీ పరిశీలిస్తోంది. ఎవరినో శిక్షించడానికి కాదు కాబట్టి డాక్టర్లు నిజం చెప్తారు, నిజం తెలిస్తే పద్ధతి మారుతుంది. మన రాష్ట్రాల్లో కూడా మరణాల సమీక్షలు జరుగుతాయి. వాటిలో తప్పు ఎవరిదన్న ప్రశ్న ముందు వచ్చినంతకాలం కింది ఉద్యోగులు కాగితాలు సరిచూసుకోవడంలోనే ఉంటారు.

మీ చెల్లెలి విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగగా ఉన్నది ఒకటి. మొదటి కాన్పు కదా, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొస్తారు. మంచిదే, అమ్మ దగ్గర ఆమెకు విశ్రాంతి దొరుకుతుంది. కానీ పరీక్షల వరస తెగిపోయేది సరిగ్గా అక్కడే. అత్తగారి ఊళ్ళో ఏఎన్ఎం ఆమె వెళ్ళిపోయిందనుకుంటారు, పుట్టింటి ఊళ్ళో ఏఎన్ఎంకు ఆమె వచ్చినట్టే తెలియదు. బీపీ పెరిగే నెలల్లోనే ఎవరి రిజిస్టరులోనూ లేకుండా పోతుంది. ఇటుక బట్టీలకు వలస వెళ్ళే ఆడవాళ్ళకు జరిగేదీ ఇదే, ఇంకా దారుణంగా. కాబట్టి ఆమె ఊరు మారిన వారం లోపే మీరే వెళ్ళి పుట్టింటి ఊరి ఆశాకు చెప్పండి, కార్డు చూపించి పేరు ఎక్కించండి. కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్తం రిపోర్టులు ఒకే సంచిలో పెట్టి ఆమెతోనే ఉంచండి. అత్తగారింట్లో బీరువాలో భద్రంగా ఉన్న కార్డు అర్ధరాత్రి మాకు పనికిరాదు.

కార్డు మీద ఎర్ర స్టిక్కరు ఉందో లేదో చూడండి. ప్రమాదం ఎక్కువున్న గర్భిణులకు అది అంటిస్తారు: పొట్టి మనిషి, వయసు 18 కంటే తక్కువ, ముందు సిజేరియన్ అయినవాళ్ళు, కవలలు, బీపీ, తీవ్రమైన రక్తహీనత వంటివి. ఉంటే కాన్పు ఎక్కడన్నది ఇప్పుడే డాక్టరుతో తేల్చుకోవాలి. లేకపోతే హాయిగా ఉండవచ్చని మాత్రం కాదు. ఎర్ర స్టిక్కరు లేని తల్లులు ఎంతోమంది ఆఖరి వారాల్లోనో, కాన్పు అయిన గంటలోనో ప్రమాదంలో పడతారు. అందుకే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఆమె భర్తకూ అత్తగారికీ ఇవి తెలిసి ఉండాలి: రక్తం పోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం. వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు. ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని చూద్దామనుకోవద్దు. కదలికలు తగ్గాయని ఆమె అంటే "ఏం కాదులే, పడుకో" అనకండి, ఆ రోజే చూపించండి. 102కు, అది అందకపోతే 108కు ఫోన్ చేయండి. ఆ రాత్రికి ఎవరి బండి ఉంది, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎవరు తోడు వస్తారు, రక్తం ఇవ్వగలిగేవాళ్ళు ఎవరు అన్నది ఇప్పుడే మాట్లాడుకుని పెట్టుకోండి.

చివరగా ఆమెతో ఎలా మాట్లాడుతున్నారన్నది. దీన్ని చాలామంది నాణ్యత లెక్కలో వేసుకోరు, నేను వేసుకుంటాను. కసిరి పంపిన చోటికి ఆడది మళ్ళీ రాదు, వచ్చినా నోరు విప్పదు. తెల్లబట్ట అవుతోందనీ, ఇంట్లో కొడుతున్నారనీ, తిండి సరిపోవడం లేదనీ ఆమె చెప్పాలంటే ఒక్కతినే కాసేపు కూర్చోబెట్టి అడిగేవాళ్ళుండాలి. మీరు తోడు వెళ్ళినప్పుడు ఆ కాసేపు బయట నిలబడండి. బయటికి వచ్చాక ఆమెను మూడు సంగతులు అడగండి: ఈరోజు నీ బీపీ ఎంత, రక్తం ఎంత, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు. మూడింటికీ ఆమె జవాబు చెప్పగలిగితే అక్కడ ఆమెతో ఎవరో సరిగ్గా మాట్లాడారని అర్థం.

కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సింది, వచ్చే 9వ తేదీన ఆమెను పీహెచ్‌సీకో ఏరియా ఆసుపత్రికో తీసుకెళ్ళి డాక్టరుకు చూపించడం. గ్లూకోజు పరీక్ష, రక్తం, మూత్రం, బీపీ ఆ రోజే అయిపోతాయి. పొద్దున్నే వెళ్ళండి, రద్దీ ఎక్కువగా ఉంటుంది. మంచినీళ్ళు, తినడానికి ఏమైనా వెంట తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఆమె ఒప్పుకుంటే పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా కార్డు పేజీ ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. అంకెలు చూసి ఏది మళ్ళీ చేయించాలో చెప్తాను.